పగులు కిందికి

బోటు బయటికి వచ్చింది. దోనె ఆకారపు ఆ ఫర్నేసు పళ్లెంలోని ఆరు సిలికాన్ ముక్కలూ నల్లగా, నున్నగా, కడిగిన అద్దంలా మెరుస్తున్నాయి.

ఆమె వంగి చూసింది. తన ముఖమే కనిపించింది, ముక్కు మీది చెమట బొట్టుతో సహా. అలా కనిపించకూడదు. ఈపాటికి ఆ ముక్కల మీద నిలవ రొట్టెకు పట్టిన బూజులాగా తెల్లని నూగు ఉండాలి. ఆ నూగే తీగలు. జింక్ ఆక్సైడ్ తీగలు, ఒక్కొక్కటి వెంట్రుక మందంలో వెయ్యో వంతు. విడిగా ఒక్కటీ కంటికి ఆనదు కానీ అన్నీ కలిస్తే వేలితో తుడిచేయాలనిపించేంత తెల్లగా ఉంటాయి. మూడేళ్లుగా వారానికి నాలుగుసార్లు ఆ తెలుపు చూస్తోంది ఆమె.

చేతిలోని ఇనుప కడ్డీ కింద పెట్టాలని కూడా తోచలేదు. ఫర్నేసు గదికి వచ్చిన పిల్లలందరూ ఆమెను కొలిమక్క అంటారు. మొదట్లో ఆ పేరుకు ముఖం ముడుచుకునేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వేరే ఎవరినో అనుకుని పలకదు.

"ఎలా వచ్చాయక్కా?" అంటూ తలుపు తోసుకుని వచ్చింది స్కాలరమ్మాయి. ఆ పిల్ల పరిశోధన అంతా ఈ తీగల మీదే. వచ్చే నెలలో థీసిస్ ఇచ్చేస్తుంది.

కొలిమక్క పక్కకు జరిగింది.

స్కాలరమ్మాయి చూసింది. బోటును కిటికీ వైపు తిప్పి మళ్లీ చూసింది. "ఇవి పెట్టనివి కదా? కొత్త ముక్కలు కదా?" అంది ఆశగా.

"లోపల నాలుగు గంటలుండి వచ్చినవే."

"మరి తీగలేవీ?"

"అదే నేనూ అడుగుతున్నా."

ఇంట్లో మనుషులుండగానే గోడ మాయమైతే ఎలా ఉంటుందో అలా ఉంది వాళ్లకు. ఏడవాలో నవ్వాలో కూడా తెలియడం లేదు. పైగా ఇది మామూలు వారం కాదు. ఇంకో ల్యాబు నుంచి ఒక మేడమ్ గురువారం వస్తోంది. ఈ ల్యాబు నడిపే సారు పత్రికలో అచ్చు వేసిన పద్ధతిని అక్షరం పొల్లుపోకుండా చేస్తున్నా మా దగ్గర ఎనిమిది నెలలుగా ఒక్క తీగ రాలేదు, దయచేసి మీ ఫర్నేసు ముందు నిలబడి చూడనివ్వండి అని ఆవిడ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం చదివి సారు పెద్దగా నవ్వాడు. "రానీ. చేత కానివాళ్లు ఎందరో. చూసి నేర్చుకుంటారు" అన్నాడు.

ఇవాళ సోమవారం.

కొలిమక్క మళ్లీ మొదటినుంచీ చేసింది. జింక్ ఆక్సైడు పొడి, గ్రాఫైటు పొడి సమంగా తూచింది. కల్వంలో పోసి అరగంట నూరింది. నూరేటప్పుడు ఎవరైనా పలకరిస్తే ఆమెకు చిర్రెత్తుకొస్తుంది. ఇవాళ ఎవరూ పలకరించలేదు. బూడిదరంగు పొడిని బోటులో ఒక కొసన పోసి, బంగారం పూత పూసిన ముక్కల్ని రెండో కొసన పేర్చింది. బోటును క్వార్ట్జ్ గొట్టం మధ్యకు తోసింది. గొట్టం మూతకు రబ్బరు రింగు తొడిగి, పైన క్లాంపు మర బిగించింది. పంపు వేస్తే లోపలి గాలి పోతుంది; ఎంత పోతే పంపు మీటరు ముల్లు అంత కిందికి దిగుతుంది. తర్వాత ఆర్గాన్ వాయువు, దాంతోపాటు కొంచెం ఆక్సిజన్. ఆక్సిజన్ మీటరులో చిన్న గోళీ పైకి లేచి పది అంకె దగ్గర ఊగుతూ నిలిచింది. ఫర్నేసును తొమ్మిది వందల యాభై డిగ్రీలకు పెట్టింది.

సాయంత్రం అయిదింటికి బోటు మళ్లీ బయటికి వచ్చింది. మళ్లీ ఆరు అద్దాలు.

స్కాలరమ్మాయి కుర్చీలో కూలబడింది. మొదటిసారి ఏదో పొరపాటు అనుకోవచ్చు, రెండోసారికి ఆ వెసులుబాటు లేదు.

*

మంగళవారం పొద్దున్నే సారు ఫర్నేసు గదికి వచ్చాడు. ఆయన ఆ గదికి రావడమే ఒక వింత. వస్తే అతిథులతో వస్తాడు, గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాచి చూపిస్తాడు, వెళ్లిపోతాడు. ఇవాళ ఒంటరిగా వచ్చి సరాసరి కల్వం ముందు నిలబడ్డాడు.

"ఏం చేశావు?"

"ఏమీ చేయలేదు సార్. రోజూ చేసేదే."

"రోజూ చేసేదే చేస్తే రోజూ వచ్చేదే రావాలి కదా. పొడి మార్చావా?"

"లేదు సార్. అదే డబ్బా."

"సరిగ్గా తూచావా? కళ్లజోడు పెట్టుకునే తూచావా?"

కళ్లజోడు ఆమె ముక్కు మీదే ఉంది. ఆయన చూడనేలేదు.

"అంతా రాసి పెట్టాను సార్, చూడండి" అని సొరుగులోంచి తన పుస్తకం తీసింది. అట్ట చిరిగితే బట్ట అంటించి కుట్టిన లావుపాటి పుస్తకం. ఎవరూ అడగకపోయినా ఫర్నేసు వెలిగించిన ప్రతి రోజూ అందులో రాస్తుంది. పొడి ఎంత, పంపు ముల్లు ఎక్కడ నిలిచింది, వాన పడుతోందా, కరెంటు ఎన్నిసార్లు పోయింది, అన్నీ ఉంటాయి.

సారు రెండు పేజీలు తిప్పి బల్ల మీద పడేశాడు. "ఇది ల్యాబు రికార్డా, ఇంటి పద్దులా? వానతో మనకేం పని?"

స్కాలరమ్మాయి మూలన తన మైక్రోస్కోపు దగ్గర కూర్చుని ఉంది. కిందటి వారం తీగల్లో మిగిలినవి కొన్ని ఆమె దగ్గర ఒక చిన్న సీసాలో, స్పిరిట్‌లో ఉన్నాయి. గాజు ముక్క మీద ఒక చుక్క వేసి, అది ఆరాక మైక్రోస్కోపులో వెతికి, ఒంటరిగా పడి ఉన్న ఒక్క తీగను పట్టుకుని, దాని రెండు కొసలకూ వెండి పేస్టు చుక్కలు పెడుతుంది. ఊపిరి బిగబట్టి చేయాలి. తుమ్మితే ఆ రోజు పని పోయినట్టే. ఆ చుక్కలకు వైర్లు తగిలించి, ఊదారంగు దీపం వేస్తే తీగలో కరెంటు గబుక్కున పెరుగుతుంది. దీపం తీస్తే మెల్లగా దిగుతుంది. వెలుగును పసిగట్టే బుల్లి యంత్రం అన్నమాట. ఇప్పుడు కూడా ఆమె ముందు మీటరు ముల్లు పైకి లేస్తోంది. పాత తీగ ఎంత బుద్ధిగా పనిచేస్తోందో చూసి కొలిమక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సార్, అక్క ఎప్పటిలాగే చేసింది. నేను పక్కనే ఉన్నాను" అంది స్కాలరమ్మాయి, తల ఎత్తకుండా.

"నిన్ను అడగలేదు."

మధ్యాహ్నం కొలిమక్కకు ఆయన గదికి పిలుపు వచ్చింది. బల్ల మీద ఒక కాగితం ఉంది. సారు గొంతు ఇప్పుడు మెత్తగా ఉంది. ఆ మెత్తదనం చూసి ఆమెకు మరింత భయం వేసింది.

"చూడమ్మా, గురువారం కూడా రాకపోతే ఆవిడ ముందు నేనేం చెప్పాలి? పద్ధతి తప్పని చెప్పనా? మూడు పేపర్లు అచ్చయ్యాయి. ఆ అమ్మాయి డిగ్రీ ఉంది. నీ పొరపాటని చెబితే అందరూ ఒడ్డున పడతారు. నీకేం కాదు, నేను చూసుకుంటాను."

ఆమె కాగితం అందుకుంది. 'ఫర్నేసు నిర్వహణలో నా వ్యక్తిగత నిర్లక్ష్యం వల్ల...' అని మొదలైంది. నిర్లక్ష్యం అన్న మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది. కింది వాక్యాలు చదివింది కానీ తలకెక్కలేదు. అన్నిటికన్నా కింద ఆమె పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా టైపు చేసి ఉంది. పదకొండేళ్లలో ఈ ఆఫీసు ఆమె పూర్తి పేరు తప్పుల్లేకుండా రాయడం ఇదే మొదలు.

"నా కాంట్రాక్టు ఈ నెలాఖరుకు అయిపోతుంది సార్. ఈ కాగితం ఫైలులో ఉంటే మళ్లీ ఎవరు తీసుకుంటారు?"

"చూసుకుంటానన్నాను కదా. రేపు సాయంత్రం లోపు సంతకం పెట్టి ఇవ్వు."

ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి బయటికి వచ్చింది.

*

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టు విప్పుతోంది. డెబ్భై ఏళ్లు వచ్చినా సూదిలో దారం తనే ఎక్కిస్తుంది. ఎవరైనా సాయం వస్తే ఒప్పుకోదు. కోడలి ముఖం చూసి కత్తెర పక్కన పెట్టింది.

"ఏమే, ముఖం అలా పీక్కుపోయిందేం?"

కోడలు చెప్పింది. చెప్పాలనుకోలేదు కానీ మొదలుపెట్టాక ఆగలేదు. తీగలు రాకపోవడం, కళ్లజోడు మాట, కాగితం, అన్నీ చెప్పింది. అత్తగారికి నానో తీగలంటే ఏమిటో తెలియదు. తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. అయినా శ్రద్ధగా వింది.

"నువ్వేం మార్చావు?"

"మీరూ అదే అడుగుతారేం అత్తయ్యా! ఏమీ మార్చలేదు."

"అరవకే. తప్పు చేశావని అనడం లేదు. నా మిషను మొన్న కుట్లు దాటేసింది చూడు. ఏమీ మార్చలేదని నేనూ అరిచాను. తీరా చూస్తే అంతకుముందు రోజు శుభ్రం చేసి నూనె వేశాను. మంచి పని చేస్తే మార్చినట్టు గుర్తుండదే. చెడ్డపనే గుర్తుంటుంది."

ఆమె చెప్పులు కూడా విప్పకుండా గట్టు మీద కూర్చుని సంచిలోంచి పుస్తకం తీసింది. ఆదివారం పేజీ ఉంది. సెలవు రోజున వెళ్లింది, అతిథి వస్తోంది కదా, గది అద్దంలా ఉండాలని. 'గొట్టం కడిగాను. బల్ల తుడిచాను. కొత్త రబ్బరు రింగు వచ్చింది, తొడిగాను. పంపు ముల్లు ఇంత కిందికి దిగడం ఎప్పుడూ చూడలేదు. చాలా బాగుంది.'

చాలా బాగుంది అన్న మాట కింద గీత కూడా గీసుకుంది.

గబగబా పేజీలు వెనక్కి తిప్పింది. ఒక ఏడాది, రెండేళ్లు, మూడేళ్లు. ఆ ఫర్నేసు మీద తీగల పని మొదలుపెట్టిన మొదటి నెల. ఇరవై రెండుసార్లు వెలిగించారు, ఇరవై రెండుసార్లూ 'ఏమీ రాలేదు' అని ఉంది. ఇరవై మూడో రోజు: 'రింగు ఒకచోట పగిలింది. కొత్తదానికి అర్జీ ఇచ్చాను. అందాకా పగులు కిందికి తిప్పి పెట్టాను, ఎవరికీ కనబడకుండా.' దాని కింద వాక్యం పొంగిపోతూ పెద్ద అక్షరాలతో ఉంది: 'తీగలు వచ్చాయి! మనకు చెయ్యి తిరిగిందని సారు అందరికీ మిఠాయి పంచారు.'

చెయ్యి తిరగలేదు. రింగు పగిలింది, అంతే.

"అత్తయ్యా" అంది. "నేను మంచిపనే చేశాను."

"చెప్పలా!" అని అత్తగారు మళ్లీ కత్తెర అందుకుంది.

*

పాత రింగు పారేయలేదు. ఆమె ఏదీ పారేయదు. బుధవారం తెల్లవారి ఏడింటికే సొరుగు అడుగున వెతికి తీసింది. చిటికెన వేలు గోరంత పగులు. ఎప్పటిలాగే దాన్ని అడుగు వైపుకు తిప్పి తొడిగింది. క్లాంపు మర పైన ఉంటుంది కాబట్టి ఎంత బిగించినా అడుగున కాస్త వదులుగానే ఉంటుంది. పంపు ముల్లు పాత చోటే, కాస్త ఎత్తులో ఆగింది. ఆ ముల్లు అంతకు మించి దిగదని, అది దాని స్వభావమని మూడేళ్లూ అనుకుంది.

పదకొండున్నరకు బోటు బయటికి లాగింది. తెల్లని నూగు!

స్కాలరమ్మాయి ఆమెను కౌగిలించుకుని గిరగిరా తిప్పేసింది. కొలిమక్క కూడా నవ్వింది. నవ్వుతూనే ఆగిపోయింది.

"ఉండవే. పగుల్లోంచి గదిలోని గాలి లోపలికి పోతోంది. ఆ గాలిలోని ఆక్సిజనే తీగలకు సరిపోతోంది. బాగానే ఉంది. మరి మనం పది, పదిహేను అంటూ కొలిచి పంపే ఆక్సిజన్ ఏమైపోతోంది?"

స్కాలరమ్మాయి చేతులు జారిపోయాయి.

ఆక్సిజన్ గొట్టం ఫర్నేసు వెనక గోడ వైపు నుంచి వస్తుంది. మూడేళ్ల కిందట దాన్ని సారు స్వయంగా చొక్కా చేతులు మడిచి బిగించాడు. "దీని జోలికి మాత్రం ఎవరూ వెళ్లొద్దు" అని హెచ్చరించాడు. ఎవరూ వెళ్లలేదు. ఆర్గాన్ గొట్టానికి నెలకోసారి సబ్బు నురగ పూసి, బుడగలు వస్తున్నాయేమో చూసే కొలిమక్క, ఈ గొట్టం మీద దుమ్ము కూడా దులపలేదు. ఇప్పుడు టార్చి పట్టుకుని గోడకూ ఫర్నేసుకూ మధ్య పక్కవాటుగా దూరింది. బ్రష్షుతో నురగ పూసింది. ఒక నట్టు దగ్గర బుడగలు గుప్పుమని పొంగాయి. ఆక్సిజన్ అంతా అక్కడే గదిలోకి పోతోంది. అందుకే మీటరులో గోళీ నిజాయితీగా పైకి లేస్తోంది. ఆ నట్టు దాటాక, ఫర్నేసు గొట్టానికి ముందు, ఒక చిన్న వాల్వు ఉంది. అది మూసి ఉంది. దాని పిడికి కంపెనీవాళ్లు చుట్టిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఇంకా అలాగే ఉంది.

ఆ వాల్వును ఒక్కసారి కూడా ఎవరూ తెరవలేదు.

ఆమె టార్చి అలాగే పట్టుకుని స్కాలరమ్మాయిని పిలిచింది. ఆ పిల్ల సందులోకి తల దూర్చి చూసింది. చాలాసేపు తల బయటికి తీయలేదు.

"మూడేళ్లక్కా" అంది. "మూడేళ్లుగా ఒక్క బుడగ ఆక్సిజన్ లోపలికి పోలేదు."

"తీగలైతే వచ్చాయి కదే."

"తీగల సంగతి కాదు. ఆక్సిజన్ పెంచేకొద్దీ తీగ లావెక్కుతుందని గ్రాఫు గీశాను. పది దగ్గర సన్నవి, ఇరవై దగ్గర లావువి. ఆ గీత ఎంత తిన్నగా ఉందో అందరూ మెచ్చుకున్నారు. ఆక్సిజనే పోకపోతే ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందక్కా?"

జవాబు ఆ పిల్లకే తెలుసు. మెల్లగా చెప్పింది.

"సన్నవీ లావువీ అన్ని ముక్కల మీదా ఉండేవి. పది దగ్గర సన్నగా ఉండాలని సార్ ముందే చెప్పారు. నేను మైక్రోస్కోపులో సన్నవాటి కోసమే వెతికాను. లావుది కనిపిస్తే ఇది సరిగా పెరగలేదులే అని వదిలేశాను. ఇరవై దగ్గర లావువే ఏరాను. నేను... అబద్ధం చెబుతున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదక్కా. ఒట్టు."

కొలిమక్క ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

మధ్యాహ్నం ఆఖరి ఆశతో కొత్త రింగు బిగించి, వదులు నట్టు బిగించి, వాల్వు తెరిచి, అచ్చులో ఉన్నట్టే గోళీని పది దగ్గర నిలిపి చేసి చూశారు. బోటు మీద పొక్కులు పొక్కులుగా తెల్లటి పెచ్చు కట్టింది. తీగ ఒక్కటి లేదు. అచ్చయిన అంకె ఒట్టి అంకె అని తేలిపోయింది. కొలిమక్క వాల్వు మూసి, విప్పిన ప్లాస్టిక్ కాగితం మళ్లీ చుట్టి, నట్టును ఉన్నంత వదులు చేసి, అన్నీ పాత స్థితిలో పెట్టింది. సారు తన కళ్లతో చూడాలి కదా.

సారు చూశాడు. ఫర్నేసు వెనక సందులో ఆయన ఇప్పుడు పట్టడు, బయటి నుంచే టార్చి వేసి చూశాడు. వాల్వు పిడి మీది ప్లాస్టిక్ కాగితం టార్చి వెలుగులో తళతళలాడింది. ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని అలాగే ఉండిపోయింది. "నేను తెరిచాను. నాకు గుర్తుంది" అన్నాడు, ఎవరితోనో చెబుతున్నట్టు. ఆ క్షణంలో ఆయన్ని చూసి కొలిమక్కకు జాలి వేసిన మాట నిజం.

ఆ జాలి అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. ఆయన తలుపు వేసి వచ్చాడు.

"పాత రింగు పెడితే వస్తున్నాయి కదా?"

"వస్తున్నాయి సార్."

"అయితే అదే పెడదాం. రేపు నేనే స్వయంగా చేసి చూపిస్తాను. నువ్వు స్టోరు రూములో ఉండు. ఈ సంగతి గది దాటకూడదు. ఆవిడ చూస్తుంది, వెళ్తుంది. తర్వాత నింపాదిగా సరిచేసుకుందాం."

"సార్, మరి అచ్చయినవి..." అంది స్కాలరమ్మాయి.

"నీకు డిగ్రీ కావాలా వద్దా?"

ఆ పిల్ల తల దించుకుంది. సారు కొలిమక్క వైపు తిరిగాడు. "ఆ కాగితం మీద సంతకం పెట్టావా?"

తప్పు ఎవరిదో ఇప్పుడే ముగ్గురూ చూశారు. ఆ టార్చి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"ఇంకా ఎందుకు సార్?"

"ఎందుకైనా మంచిది. రేపు పొద్దున తెచ్చివ్వు. వాడకపోవచ్చు కూడా."

*

గురువారం వచ్చిన మేడమ్‌కు నలభై అయిదేళ్లు ఉంటాయి. చేతిలో చిన్న నోటు పుస్తకం, కాళ్లకు బూట్లు. వచ్చీ రాగానే కొలిమక్కకు నమస్కారం చేసి, "ఫర్నేసు మీరే చూస్తారా అండీ?" అని అడిగింది. సారు మధ్యలోనే అందుకుని, "సాయం చేస్తుంది. ముఖ్యమైన పని నేను చూస్తాను" అన్నాడు. కొలిమక్క స్టోరు రూములోకి వెళ్లింది. తలుపు మాత్రం పూర్తిగా వేయలేదు.

సందులోంచి చూస్తూ ఉంది. సారు పొడి తూచాడు. కల్వంలో అయిదు నిమిషాలు నూరి చాలనుకున్నాడు. బోటును లోపలికి తోశాడు. మూతకు పాత రింగు తొడిగాడు. పగులు పైకి వచ్చింది, సరిగ్గా క్లాంపు మర కిందికి. అతిథి ముందు గట్టిగా ఉండాలని ఆయన మర పళ్లు బిగపట్టి మరీ తిప్పాడు. పగులు మూసుకుపోయింది. పంపు ముల్లు కిందికి, ఇంకా కిందికి దిగింది.

కొలిమక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పరుగెత్తి చెప్పాలా? గది దాటకూడదన్నాడు. చేతి సంచిలో కాగితం ఉంది, మడతల మీద మడతలతో. సంతకం ఇంకా పెట్టలేదు. గది అవతల స్కాలరమ్మాయి ముల్లునే చూస్తోంది. ఆమెకూ అర్థమైంది. ఇద్దరి చూపులూ తలుపు సందులో కలుసుకున్నాయి. నాలుగు గంటలపాటు ఇద్దరూ ఒక్క మాట మాట్లాడలేదు.

మధ్యాహ్నం బోటు బయటికి వచ్చింది. ఆరు అద్దాలు.

మేడమ్ వంగి చూసింది. "మా దగ్గరా ఇలాగే వస్తుందండీ" అంది. ఎగతాళి లేదు, అలసట మాత్రమే ఉంది.

సారు మెడ మీద నరం కదిలింది. "ఇది పద్ధతి లోపం కాదు. ఫర్నేసు నిర్వహణలో కొన్నాళ్లుగా నిర్లక్ష్యం జరుగుతోంది. ఒప్పుకుంటూ రాసి కూడా ఇచ్చింది." స్టోరు రూము వైపు తిరిగి గట్టిగా పిలిచాడు. "అమ్మా, ఆ కాగితం తీసుకురా!"

ఆమె వచ్చింది. కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. మడతలు సరిచేసింది. సారు పెన్ను తీసి ఆమె వేళ్ల మధ్య పెట్టాడు.

మేడమ్ మెల్లగా అడిగింది. "ఏం నిర్లక్ష్యం జరిగిందండీ? మీరే చెప్పండి."

కొలిమక్క సారును చూడలేదు. కాగితాన్నీ చూడలేదు. ఫర్నేసు మూతనే చూసింది. పదకొండేళ్లుగా ఏదైనా తప్పుగా బిగించి ఉంటే చూస్తూ ఊరుకోవడం ఆమెకు చేతకాదు.

"పగులు కిందికి ఉండాలండి" అంది. "పైకి పెట్టి బిగిస్తే మూసుకుపోతుంది."

"ఏ పగులు?" అంది మేడమ్.

స్కాలరమ్మాయి లేచింది. ఎవరినీ అడగలేదు. సొరుగులోంచి బట్ట అట్ట పుస్తకం తీసి, ఇరవై మూడో రోజు పేజీ తెరిచి మేడమ్ చేతిలో పెట్టింది. తర్వాత టార్చి కూడా ఇచ్చింది. "ముందు ఇది చదవండి మేడమ్. తర్వాత వెనక వాల్వు చూడండి. నా గ్రాఫు గురించి నేనే చెబుతాను" అంది.

మేడమ్ చదివింది, చూసింది, విన్నది. ఆ మధ్యలో ఎప్పుడో సారు గదిలోంచి వెళ్లిపోయాడు. ఎవరూ గమనించలేదు.

కొలిమక్క ఎదురు చూసింది, ఆవిడ ఇప్పుడు కోప్పడుతుందని, లేకపోతే గెలిచినట్టు నవ్వుతుందని. ఆవిడ రెండూ చేయలేదు. బల్ల మీది కాగితాన్ని దగ్గరికి లాక్కుని చదివింది. 'నా వ్యక్తిగత నిర్లక్ష్యం వల్ల' దగ్గర వేలు ఆగింది. బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"మా ఫర్నేసుకు నెలనెలా కొత్త రింగు వేస్తాం" అంది. "చిన్న పగులు కూడా ఉండనివ్వం."

"మంచిదే కదండీ" అంది కొలిమక్క.

"ఎనిమిది నెలలు ఒక అమ్మాయి రోజూ చేసింది. రాలేదు. అచ్చయిన పద్ధతి తప్పు కాదు కదా, నీ చేతిలోనే ఏదో ఉంది అన్నాను. శ్రద్ధ లేదన్నాను." ఆవిడ కాగితం మీద వేలు తీయలేదు. "ఇలాంటిదే నేనూ రాశాను. ఇంచుమించు ఇవే మాటలు. ఆ పిల్ల ఏడవలేదు, వాదించలేదు. సంతకం పెట్టి వెళ్లిపోయింది."

ఎవరికీ కనబడకుండా అని కొలిమక్క కిందికి తిప్పిన పగులు. ఎక్కడో, తను చూడని ఊళ్లో, తనలాగే నూరుకుని, తూచుకుని, రోజూ అద్దంలో తన ముఖం చూసుకున్న ఒక పిల్ల. ఫర్నేసు ముందు ఆ పిల్ల నిలబడ్డ తీరు కూడా ఆమె కళ్లకు కట్టింది.

"ఇప్పుడెక్కడుందండీ?"

"తెలియదు." మేడమ్ ఫోను తీసి పేర్ల వరుసలో వెతికింది. ఒక పేరు దగ్గర ఆగి దాన్నే చూస్తూ కూర్చుంది. కొంతసేపటికి నొక్కి చెవి దగ్గర పెట్టుకుని వరండాలోకి నడిచింది. అవతల మోగుతున్న చప్పుడు గదిలోకి సన్నగా వినిపిస్తోంది. ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మళ్లీ నొక్కింది.

కొలిమక్క లేచి పొడి తూచింది. కల్వంలో అరగంట నూరింది. ఆ అరగంటలో వరండాలో ఫోను ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టలేదు. బోటు లోపలికి తోసి, రింగు పగులు కిందికి తిప్పి, మర ఎంత తిప్పాలో అంతే తిప్పింది. ముల్లు ఎప్పటి చోట ఆగింది. ఆక్సిజన్ మీటరు ముట్టుకోలేదు. రాసుకుందామని చూస్తే పుస్తకం మేడమ్ వెంట వరండాలోకి వెళ్లిపోయింది. బల్ల మీది కాగితం తిరగేసింది. వెనక ఖాళీగా, తెల్లగా ఉంది. అక్కడ రాసింది: 'గురువారం, రెండోసారి. పాత రింగు, పగులు కిందికి. ఆక్సిజన్ లేదు. గది గాలి.' కింద, సారు పెన్నుతోనే, తన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా సంతకం పెట్టింది.

తలుపు దగ్గర మేడమ్ నిలబడి ఉంది. కళ్లు ఎర్రబడ్డాయి. ఫోను ఇంకా చేతిలోనే ఉంది.

"నాలుగు గంటలు పడుతుందండి" అంది కొలిమక్క, స్టూలు జరిపి. "కూర్చోండి. ఈలోగా మళ్లీ చేసి చూడండి, ఎత్తుతుందేమో."